పది కాలేజీలు వెళ్లిపోయాక పాక్-12 మళ్లీ ఎలా నిలబడింది?

అమెరికా కాలేజీ క్రీడల్లో కాన్ఫరెన్స్ అంటే కలిసి ఆడుకునే, టీవీ డబ్బు పంచుకునే కాలేజీల కూటమి. 2024లో పాక్-12 అనే కాన్ఫరెన్స్ నుంచి పది కాలేజీలు పెద్ద టీవీ ఒప్పందాలున్న కాన్ఫరెన్స్‌లకు వెళ్లిపోయాయి. ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ మాత్రమే మిగిలాయి. అమెరికన్ ఫుట్‌బాల్ పై స్థాయి కాన్ఫరెన్స్‌కు కనీసం ఎనిమిది జట్లుండాలి. లోటు పూడ్చుకోవడానికి రెండేళ్ల గడువిస్తారు. అందుకే మౌంటెన్ వెస్ట్ కాన్ఫరెన్స్ నుంచి బాయిసీ స్టేట్ సహా ఐదు కాలేజీలను, 2025లో సన్ బెల్ట్ కాన్ఫరెన్స్ నుంచి టెక్సస్ స్టేట్‌ను తెచ్చుకుని 2026 సీజన్‌కు ఎనిమిది లెక్క సరిచేసుకున్నారు. గొంజాగా కూడా చేరింది కానీ దానికి ఫుట్‌బాల్ జట్టే లేదు, ముఖ్యంగా బాస్కెట్‌బాల్ కోసం తీసుకున్నారు.

ఒక చోట గుంట పూడిస్తే ఇంకో చోట గుంట పడుతుంది. సన్ బెల్ట్‌లో టెక్సస్ స్టేట్ ఖాళీలోకి లూసియానా టెక్ వచ్చింది, మౌంటెన్ వెస్ట్ యూటెప్ కాలేజీని పిలిచింది. ఈ రెండూ ‘కాన్ఫరెన్స్ యూఎస్‌ఏ’ అనే చిన్న కాన్ఫరెన్స్‌ను వదిలినవే. దెబ్బ చివరికి చిన్నవాళ్ల మీదే పడుతుంది.

నా బాధ ఆటగాళ్ల గురించి. పాక్-12 వదిలిన పదింటిలో ఒకటైన, లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ కాలేజీ వాలీబాల్ అమ్మాయిలు ఇప్పుడు లీగ్ మ్యాచ్ కోసం న్యూజెర్సీ దాకా ఐదు గంటలు విమానంలో వెళ్లాలి, గడియారం మూడు గంటలు ముందుకు తిప్పుకోవాలి. తిరిగొచ్చాక మళ్లీ క్లాసులు.