కోళ్లు తెచ్చే ముందు వంటింట్లోకి చూడు

అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. పెరడున్న ఇల్లు దొరికిందని, కోళ్లు పెంచుకుని, కూరగాయలు పండించుకుని, ఇంట్లో పండిందే వండుకు తినాలని ఉందని రాశావు. చదివి ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. వచ్చే నెలలోనే అన్నీ మొదలుపెట్టేద్దామని అల్లుడు తొందరపడుతున్నాడని కూడా రాశావు. అక్కడ మాత్రం కాస్త ఆగండి. మూడూ ఒకేసారి నెత్తికెత్తుకున్న ఇళ్లను చూశాను. ఏడాది తిరిగేసరికి గూడు ఖాళీగా ఉంటుంది, మడుల్లో గడ్డి మోకాలెత్తు పెరుగుతుంది. వాళ్లకు ఓపిక లేక కాదు. కోళ్లకూ, మొక్కలకూ, పొయ్యికీ పొద్దున పూట అదే గంట కావాలి, అదే పిల్లల్ని బడికి తయారుచేసే గంట.

నా మాట వింటే వంటింటితో మొదలుపెట్టు. తర్వాత మడులు. కోళ్లు ఆఖరున.

ఒక నెలపాటు ఇంట్లో ఏం తింటున్నారో కాగితం మీద రాస్తూ రా. ఏది వండితే గిన్నె ఖాళీ అవుతోంది, ఏది మిగిలి పారేస్తున్నారు, వారానికి ఎన్ని గుడ్లు అవుతున్నాయి. పిల్లలు ముట్టని కూరగాయను మడి నిండా వేసుకుని ఏం చేస్తావు? ఆ కాగితమే నీ తోటకు ప్లాను. ఎన్ని కోళ్లు కావాలో కూడా అదే చెబుతుంది. గుడ్డు లోపల తయారవడానికి 24 నుంచి 26 గంటలు పడుతుంది కాబట్టి, ఎంత మంచి దాణా వేసినా పెట్ట రోజుకు ఒకటికి మించి పెట్టదు. మంచి వయసులో ఉన్న గుడ్ల జాతి పెట్ట వారానికి నాలుగైదు పెడుతుందనుకో. మీ నలుగురికి నాలుగు పెట్టలు చాలు. మూడుకన్నా తగ్గించొద్దు, కోడి ఒంటరిగా బతికే పక్షి కాదు. పుంజు అక్కర్లేదు. గుడ్లు పొదిగించి కోడిపిల్లల్ని చేయించాలనుకుంటేనే పుంజు కావాలి, తినే గుడ్లకు కాదు. పెరట్లో కోళ్లు పెంచుకోవడానికి మీ చోట అనుమతి ఉందో లేదో ముందే కనుక్కో. పక్కింటివాళ్లకూ ఒక మాట చెప్పి ఉంచు.

మడుల సంగతి. రోజుకు ఆరు గంటలైనా నేరుగా ఎండ పడే చోటు చూసుకో. రెండు మడులు చాలు. వెడల్పు నాలుగు అడుగులు దాటకూడదు. అప్పుడే రెండు వైపుల నుంచీ మధ్య దాకా చెయ్యి అందుతుంది, లోపల అడుగుపెట్టి మట్టిని తొక్కే పని ఉండదు. ఆకుకూర విత్తనాలు పొట్లం మొత్తం ఒకేసారి చల్లొద్దు. రెండు మూడు వారాల తేడాతో కొంచెం కొంచెం చల్లు. మట్టిని ఎప్పుడూ బోసిగా ఉంచకు, ఎండుటాకులో గడ్డో పరిచి ఉంచు. నీళ్లు పోసే ముందు మట్టిలో వేలు గుచ్చి చూడు. రెండో కణుపు దాకా పొడిగా తగిలితే పొయ్యి, తడి తగిలితే ఊరుకో. టమాటా కాయ అడుగు నల్లబడితే చాలామంది తెగులనుకుని మందు కొడతారు. అది చాలావరకు నీళ్ల తేడా వల్ల వచ్చేదే. ఒకరోజు ఎండగట్టి, మర్నాడు ముంచెత్తితే మట్టిలో కాల్షియం ఉన్నా కాయ దాకా చేరదు. నీళ్లు సమంగా అందితే తర్వాతి కాయలు బాగానే వస్తాయి.

ఒక పంట చేతికొచ్చి, రోజూ పొద్దున పెరట్లోకి వెళ్లడం మీకు అలవాటయ్యాక కోళ్ల గురించి ఆలోచించండి. ముందు గూడు, తర్వాతే కోళ్లు. అట్టపెట్టెలో కోడిపిల్లల్ని తెచ్చుకుని తర్వాత గూడు కట్టుకుందామనుకోవద్దు, అవి మీ వీలు కోసం ఆగవు, వారం వారం పెరిగిపోతాయి.

గూటి లోపల ఒక్కో కోడికి నాలుగు చదరపు అడుగులు, బయట తిరిగే జాగా పది చదరపు అడుగులైనా ఉండాలి. ఇరుకైతే ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. రాత్రి పడుకునే కర్ర, గుడ్లు పెట్టే పెట్టెల కన్నా ఎత్తుగా ఉండాలి. కోడి అన్నిటికంటే ఎత్తైన చోటే వెతుక్కుని నిద్రపోతుంది. పెట్టె ఎత్తుగా ఉంటే అందులోనే పడుకుని రెట్ట వేస్తుంది, మర్నాడు గుడ్లన్నీ మురికే. గాలి పోయే కిటికీలు వాటి తలకన్నా పైన పెట్టించు. తెల్లవారి తలుపు తీయగానే వంగి, అవి కూర్చునే ఎత్తులో ఒకసారి ఊపిరి పీల్చి చూడు. నీ ముక్కు మండితే అవి రాత్రంతా ఆ రెట్ట ఘాటులోనే ఉన్నట్టు.

పల్చటి కోళ్ల వలను నమ్ముకోవద్దు. అది కోడి బయటికి పోకుండా ఆపుతుంది గానీ, కుక్క చింపేస్తుంది, ఎలుకా పామూ దూరిపోతాయి. అర అంగుళం కంతల గట్టి ఇనుప జాలీ వేయించు. గోడ అడుగున ఒక అడుగు మేర నేల మీద బయటి వైపుకు పరిచి మట్టి కప్పించు. తవ్వే జంతువు గోడ మొదట్లోనే తవ్వుతుంది, జాలీ తగిలి ఆగిపోతుంది. చీకటి పడకముందే తలుపు గడియ పడాలి. ఆ పని ఎవరిదో ఇంట్లో ఇప్పుడే తేల్చుకోండి. "నువ్వు వేశావనుకున్నా" అన్న రాత్రే కోళ్లు పోతాయి.

పెద్ద కోడి రోజుకు 100 నుంచి 120 గ్రాముల దాణా తింటుంది. గుడ్ల కోళ్ల దాణాలో కాల్షియం ఎక్కువ. దాన్ని కోడిపిల్లలకు వేస్తే మూత్రపిండాలు పాడవుతాయి. గుడ్లు పెట్టే వయసు, అంటే సుమారు 18 వారాలు వచ్చేదాకా పిల్లల దాణానే వెయ్యి. వంటింట్లో మిగిలినవి వెయ్యొచ్చు కానీ, తిండిలో పదో వంతుకు మించకూడదు. బూజు పట్టినవీ, బాగా ఉప్పుగా ఉన్నవీ, ఉడకని ఎండు బీన్స్, పచ్చబడ్డ బంగాళాదుంప, అవకాడో, చాక్లెట్ అస్సలు వద్దు. ఎండలు ముదిరితే నీళ్ల మీదే నీ ధ్యాసంతా ఉండాలి. కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పుతూ రెక్కలు ఒంటికి దూరంగా పెట్టి నిలబడిందంటే తట్టుకోలేకపోతోందని అర్థం. వెంటనే నీడా చల్లటి నీళ్లూ అందించు.

ఇంకొకటి, చాలామందికి తెలియనిది. కోళ్లు బాగానే తింటున్నా గుడ్లు తగ్గి, తల మీద తురాయి పాలిపోయి, సాయంత్రం గూట్లోకి వెళ్లడానికి మొండికేస్తే, బాగా చీకటి పడ్డాక టార్చిలైటు తీసుకుని వెళ్లు. అవి కూర్చున్న కర్ర అడుగు భాగాన్ని తెల్ల గుడ్డతో గట్టిగా తుడువు. గుడ్డ మీద ఎర్రటి గీతలు పడితే అవి కోళ్లకు పట్టే ఎర్రనల్లులు (రెడ్ మైట్లు), మంచాల్లో ఉండే నల్లులు కావు. పగలంతా కర్ర చీలికల్లో దాక్కుని, రాత్రి కోళ్ల రక్తం తాగుతాయి. కోడి ఒళ్లు పగటిపూట ఎంత వెతికినా కనపడవు, అందుకే వారాల తరబడి ఎవరికీ తెలియదు. అప్పుడు మందు పడాల్సింది కోడికి మాత్రమే కాదు, గూటికి కూడా. కర్రలన్నీ ఊడదీసి ప్రతి చీలికా శుభ్రం చెయ్యాలి. ఏ మందు వాడాలో పశువుల డాక్టర్ని అడుగు. కోళ్లకు ఎప్పుడూ పొడి మట్టి ఉన్న మూల ఒకటి వదిలిపెట్టు. అందులో పొర్లాడటమే వాటి స్నానం.

గూటి చెత్త తోటకు బంగారమే, కానీ పచ్చిగా కాదు. తాజా రెట్ట వేళ్లను మాడ్చేస్తుంది, అందులో రోగక్రిములూ ఉంటాయి. ఎండుటాకులు ఎక్కువగా, రెట్ట తక్కువగా కలిపి మూడడుగుల పొడవు, వెడల్పు, ఎత్తున్న కుప్ప వెయ్యి. కొద్ది రోజులకు లోపల చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. చల్లబడ్డప్పుడల్లా తిరగెయ్యి. వాసన పోయి నల్లటి మట్టిలా పొడిపొడిగా రాలితేనే మడుల్లో వెయ్యి. కోళ్లను మాత్రం నారు ఉన్న మడుల వైపు రానివ్వకు, చూస్తుండగానే అంతా గీకి పారేస్తాయి. పంట తీసేశాక వదిలితే పురుగులనూ కలుపు గింజలనూ ఏరుకు తింటాయి.

గుడ్లు తేగానే కడగొద్దు. పెంకు మీద కంటికి కనపడని పొర ఉంటుంది, క్రిముల్ని లోపలికి పోనివ్వనిది అదే. మురికుంటే పొడిగుడ్డతో తుడువు. కడగాల్సి వస్తే వెంటనే ఫ్రిజ్‌లో పెట్టెయ్యి. ఉడకబెట్టి ఒలవడానికి వారం పాతవి తీసుకో, ఈరోజు పెట్టిన గుడ్డు పెంకు సరిగా ఊడదు. పిల్లలు గుడ్లు ఏరుతామని పోటీపడతారు, పడనీ. తర్వాత సబ్బుతో చేతులు కడిగించడం నీ పని. ఐదేళ్ల లోపు పిల్లల చేతికి కోడిపిల్లల్ని ఇవ్వకు. వాటి ఒంటి మీద విరేచనాలూ జ్వరమూ తెచ్చే సాల్మొనెల్లా క్రిములుండొచ్చు.

పంట ఎక్కువైనప్పుడు సీసాల్లో నిల్వ చేయాలనిపిస్తుంది. ఈ విషయంలో నాకు భయం ఉంది, దాచుకోను. బీన్స్, మొక్కజొన్న లాంటి పులుపు లేని కూరల్ని సీసాలో మూతపెట్టి నీళ్లలో మరగబెడితే సరిపోదు. బాట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే క్రిమి బీజాలు మరిగే నీళ్లకు చావవు. ఆ పనికి సీసాలను ఒత్తిడితో మరిగే నీళ్లకన్నా ఎక్కువగా వేడిచేసే ప్రెజర్ క్యానర్ అనే ప్రత్యేకమైన పాత్ర కావాలి. అది లేకపోతే ఫ్రీజర్‌లో పెట్టుకో, లేదా పక్కవాళ్లకు పంచిపెట్టు.

చివరిగా, మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన సంగతి ఒకటుంది. పెట్ట రెండు మూడేళ్లు బాగా పెడుతుంది, తర్వాత తగ్గుతూ వస్తుంది. కానీ ఇంకా చాలా ఏళ్లు బతుకుతుంది. ఈలోగా పిల్లలు వాటికి పేర్లు పెట్టేసుకుంటారు. వయసైపోయిన కోడిని చివరిదాకా మేపుతారా, కోసుకుంటారా? రెండిట్లో ఏదీ తప్పని నేననను. మేపేటట్టయితే దాణా ఖర్చూ, గూట్లో జాగా లెక్కలోకి తీసుకోండి. కోసేటట్టయితే, ఏ కోడికీ పేరు పెట్టకముందే పిల్లలకు ఆ మాట చెప్పండి. ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి కోడి కనపడకుండా పోయి, "ఎగిరిపోయింది" అని మీరు అబద్ధం చెప్పడం మాత్రం నాకు ఇష్టం లేదు. ఏదనుకున్నారో నాకు రాయి. గూడు కొలతలు, పెరట్లో ఎండ ఎటునుంచి పడుతుందో కూడా ఒక కాగితం మీద గీసి పంపించు. వడ్రంగిని పిలిచే ముందు ఒకసారి చూసి చెబుతాను.

ప్రేమతో,
మీ పెద్దమ్మ