నానో యూరియా కొట్టే ముందు ఒక మాట

చిట్టితల్లీ,

ఈ రబీ దాళ్వాకి నాలుగెకరాల వరిలోనూ యూరియా కట్ట ముట్టనని, అంతా ఆ సీసాలో వచ్చే, ఆకు మీద పిచికారీ చేసే నానో యూరియాతోనే పండిస్తానని అన్నావట. మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చదువుకుని మడిలోకి దిగుతున్నావని తెలిసి నా గుండె నిండిపోయింది. నిద్ర మాత్రం పట్టలేదు.

లీటరు నీటికి 2 నుంచి 4 మిల్లీలీటర్లు, మంచు ఆరాక, ఎండ ముదరకముందు కొట్టాలి. మొహానికి గుడ్డ కట్టుకో. మిగతాది సీసా మీదే ఉంటుంది.

నా భయం వేరు. మా నాన్న, అదే మీ తాతయ్య, ఒక వానాకాలం సార్వాలో మడి నిండా నీళ్ళుండగానే యూరియా చల్లించారు. నీళ్ళు తీసేయమని మీ అమ్మమ్మ మొత్తుకుంది. తీస్తే మళ్ళీ కాలవ వంతు రాదన్నారు. ఆ రాత్రే వాన. గట్టు పొర్లి నీళ్ళన్నీ దిగువ చేలోకి పోయాయి. వారం తిరిగేసరికి కింది చేను ముదురు ఆకుపచ్చగా ఎదిగింది, మనది పసుపు రంగులోనే ఉంది. కంగారుపడి, లోపల కంకి మొదలయ్యే చిరుపొట్ట దశలో రెండింతలు చల్లించారు. దాంతో మెడవిరుపు తెగులు పట్టి కంకులు తెల్లబోయాయి. తూర్పారబడితే పొల్లే ఎగిరింది. ఆ ఏడే మీ అమ్మ చదువు ఆగిపోయింది. నీకు చెప్పి ఉండదు.

అందుకే, ఆకుకే అందే మందు, నీళ్ళలో కొట్టుకుపోదంటే నాకూ ఆశ పుట్టింది. కానీ ఒక సీసా ఒక యూరియా కట్టతో సమానమనే మాటకు లెక్క చూడమ్మా. 45 కిలోల కట్టలో నత్రజని 20 కిలోల పైమాటే. 2021లో వచ్చిన అరలీటరు సీసాలో 20 గ్రాములు. ఇప్పటి 20 శాతం నత్రజని సీసాలోనైనా 100 గ్రాములే. ఆకు ఎంత బాగా పీల్చుకున్నా ఆ తేడా ఎలా పూడుతుంది? లూధియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు రెండేళ్ళు పరీక్షిస్తే, యూరియా తగ్గించి దీన్ని కొట్టిన వరిలో దిగుబడి 13 శాతం పడిపోయింది. గింజలో మాంసకృత్తులూ తగ్గాయి.

నాలుగెకరాలూ పందెం కాయకు. దమ్ములో వేసే యూరియా, పిలకలప్పుడు వేసేది ఆపొద్దు. చిరుపొట్టప్పుడు చల్లే యూరియాకు బదులుగా, అరెకరంలో మాత్రం సీసా కొట్టి చూడు. మిగతా చేలో నీళ్ళు తీసి బురద పదునులో యూరియా చల్లు, ఒకట్రెండు రోజులాగి నీళ్ళు పెట్టు. ఆకు రంగును పోల్చి చూసే పట్టిక పెట్టి వేస్తే అక్కడే బోలెడు యూరియా మిగులుతుంది. మారుటేరు వరి పరిశోధన కేంద్రానికి వెళ్ళి అడుగు, సిగ్గుపడకు.

కోతప్పుడు ఆ అరెకరం ధాన్యం విడిగా తూయించు. మధ్యలో చేను పసుపెక్కితే పంతానికి పోకుండా వెంటనే యూరియా వెయ్యి. మీ నాన్న ఏమంటారోనని దాచిపెట్టకు, నాకు ఫోన్ చెయ్యి. అర్ధరాత్రయినా సరే.

నీ మామయ్య