చూడ్డానికి ఒకటే గుర్తు, లోపల నంబర్లు వేరు

ప్రశ్న: వర్డ్‌లో దాచుకున్న చిన్న పైథాన్ కోడ్ కాపీ చేసి పేస్ట్ చేస్తే ఇన్‌వాలిడ్ క్యారెక్టర్ అని ఎర్రర్ వస్తోందండీ. అక్షరం అక్షరం పోల్చి చూశా, తేడా ఏం లేదు. అదే లైను మళ్లీ టైప్ చేస్తే మాత్రం నడుస్తోంది. ఎందుకిలా?

జవాబు: తేడా ఉందండీ, అపాస్ట్రఫీ దగ్గరుంది. మీరు కీ నొక్కితే వచ్చేది నిలువు గీత ('), ఆస్కీలో (కంప్యూటర్ అక్షరాలకి నంబర్లిచ్చే పాత పట్టీ) దాని నంబర్ 39, వర్డ్ ఏమో దాన్ని అక్కడికక్కడే వంకర గుర్తుగా (’) మార్చేస్తుంది, దాని యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చే పట్టీ) నంబర్ 2019, దానికి జోడీగా ముందు వచ్చేది (‘) 2018. మన కంటికి అన్నీ ఒకటే, పైథాన్‌కి మాత్రం వీటిలో 39 ఒక్కటే కోట్, మిగతావి ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్లు.

అలాగని వర్డ్‌ది తప్పనలేం. అచ్చులో ఎప్పుడూ ఉన్నది వంకరదే, టైప్‌రైటర్‌లో కీలకి చోటు చాలక రెండు వైపులకీ కలిపి ఒక నిలువు గీత పెట్టేశారు, అదే కంప్యూటర్‌కీ వచ్చింది. మామూలు రాతలో అపాస్ట్రఫీకి 2019 వాడమనే యూనికోడ్ వాళ్లూ చెప్తారు. కాబట్టి ఉత్తరానికి వంకరది, కోడ్‌కి నిలువుది. ఆటోకరెక్ట్ ఆప్షన్స్‌లో స్మార్ట్ కోట్స్ టిక్ తీసేయండి, అసలు కోడ్‌ని వర్డ్‌లో దాచకపోతే ఇంకా మంచిది. ఒక్కసారికే కావాలంటే గుర్తు వంకర తిరగ్గానే కంట్రోల్ జెడ్ కొట్టండి, నిలువుది తిరిగొస్తుంది.

ఇంకో మూడున్నాయి, కలిపేసుకోకండి. బ్యాక్‌టిక్ (`) మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో టేబుల్ పేర్ల చుట్టూ పెడతారు, ప్రైమ్ (′) అడుగులకీ నిమిషాలకీ. హవాయి భాషలో ఒకినా (ʻ) అయితే గుర్తే కాదు, గొంతు దగ్గర గాలి ఆపి పలికే హల్లు, దాన్ని అపాస్ట్రఫీ అనుకుని తీసేస్తే మాటలోంచి ఒక అక్షరం పోయినట్టే. ఓ'బ్రయన్ లాంటి పేరు కొడితే చెల్లని పేరు అనే ఫారాలు చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. డేటాబేస్‌తో మాట్లాడే ఎస్‌క్యూఎల్ భాషలో టెక్స్ట్ చుట్టూ ఉండేది కూడా ఇదే గుర్తు కదా, పేరు మధ్యలోనే టెక్స్ట్ అయిపోయిందని డేటాబేస్ అనుకుంటుంది, దానికి పారామీటర్లు వాడాలి (అంటే పేరుని కమాండ్‌లో కలపకుండా విడిగా పంపాలి) గానీ మనిషి పేరు కత్తిరించకూడదు.

ప్రశ్న: 150 అక్షరాల ఇంగ్లిష్ ఎస్ఎంఎస్‌కి మూడు మెసేజ్‌లు లెక్కేశారు, ఎందుకు?

జవాబు: అందులో వంకర అపాస్ట్రఫీ ఉందేమో చూడండి. ఎస్ఎంఎస్ మామూలు అక్షరాల పట్టీలో నిలువుదే ఉంది, వంకరది ఒక్కటి దూరినా మెసేజ్ మొత్తం యూనికోడ్‌కి మారిపోయి ఒక మెసేజ్‌లో పట్టే 160 అక్షరాలు కాస్తా 70 అవుతాయి, ముక్కలు చేస్తే ఒక్కో దానికి 67. రెండు ముక్కల్లో 134 కి మించి పట్టవు, అందుకే మూడు.