సమాధానం: మూడో శిఖరం దాకా మోకాళ్లు నిలవాలంటే

ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ మూడు శిఖరాల నడకలో (పెనీగెంట్, వెర్న్‌సైడ్, ఇంగిల్‌బరో కొండలను ఒకే రోజు ఎక్కి దిగాలి) రెండోదైన వెర్న్‌సైడ్ దిగేసరికి మోకాళ్లు పట్టేసి ఆగిపోయానని రాశారు. చదివి బాధ కలిగిందండీ. మీరిచ్చిన సమయాల ప్రకారం పెనీగెంట్‌ను గంటలోపే ఎక్కేశారు, అసలు పొరపాటు అక్కడే జరిగింది. మొత్తం నడక దాదాపు 39 కిలోమీటర్లు, చేతిలో 12 గంటలు. పక్కవాళ్లతో ఆయాసం లేకుండా మాట్లాడగలిగే వేగం చాలు. వెర్న్‌సైడ్‌కు ముందు వచ్చే రిబుల్‌హెడ్‌లో, ఆ 24 కమానుల రైలు వంతెన ఎదుట, ఆకలి లేకపోయినా కూర్చుని తినండి. వెర్న్‌సైడ్ దిగేటప్పుడు రెండు చేతికర్రలు, చిన్న చిన్న అడుగులు. ఇంగిల్‌బరో చివరి ఎక్కుడు నిటారుగా ఉన్నా, పైన అంతా బల్లపరుపు. మంచు కమ్మితే దిగే దారి దొరకదు కాబట్టి దిక్సూచి తప్పనిసరి. అక్కణ్ణుంచి నడక ముగిసే హార్టన్ ఊరి వైపు దిగేటప్పుడు తడిసిన సున్నపురాయి సబ్బుబిళ్లలా జారుతుంది. నేను అక్కడే పడి మోచేయి చీరుకుపోయింది, జాగ్రత్త. ఈసారి తప్పకుండా పూర్తి చేస్తారు.