ఇడియోసింక్రసీ అంటే ఏమిటి? ఎప్పుడు వాడాలి?

ఒక మనిషికి మాత్రమే ఉండే ప్రత్యేకమైన అలవాటు, తీరు. గ్రీకులో ‘ఇడియోస్’ అంటే సొంతం, ‘సిన్’ అంటే కలిసి, ‘క్రాసిస్’ అంటే కలయిక; అంటే ఎవరి పాళ్లు వాళ్లకే కలిసి తయారైన స్వభావం అన్నమాట.

మా నల్గొండలో ఎదురుగా కొత్త గ్లాసు పెట్టినా చాయ్ సాసర్‌లో పోసుకుని, కళ్లు మూసుకుని మూడుసార్లు ఊదితే తప్ప తాగని పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు, అది ఆయన ఇడియోసింక్రసీ. కానీ వెల్లుల్లిని ఎల్లిగడ్డ అనడం ఇడియోసింక్రసీ కాదు, ఎందుకంటే అది ఒక్కరిది కాదు, మన ప్రాంతం మాట. ఈ తేడా దగ్గరే చాలామంది పొరపడతారు, నాకైతే ఇదే అసలు విషయం అనిపిస్తుంది.

ఇది తిట్టు కాదు, రోగం పేరు కూడా కాదు. డాక్టర్లు మాత్రం, మామూలు మోతాదులో వేసిన మందు ఎవరో కొందరికే ఊహించని విధంగా వికటిస్తే ఇడియోసింక్రాటిక్ రియాక్షన్ అంటారు. షేర్ మార్కెట్‌లో ఒకే కంపెనీకి పరిమితమైన రిస్క్‌కూ ఇదే మాట వాడతారు.

స్పెల్లింగ్ జాగ్రత్త: డెమోక్రసీలా చివర ‘సీవై’ కాదు, ‘ఎస్‌వై’. మామూలు కబుర్లలో అయితే క్విర్క్ అంటే చాలు, ఇంటర్వ్యూలో కూడా తేలిగ్గా అర్థమవుతుంది.