అలంపురం వెళ్ళి జోగులాంబను మాత్రమే చూసి వచ్చేయకండి

హైదరాబాద్ నుంచి ఒక్కరోజులో వెళ్ళొచ్చేలా, జనం పెద్దగా పట్టించుకోని పాత కట్టడమో చిన్న మ్యూజియమో చెప్పమని అడిగారు. నేను ఒక్క ఊరి పేరే చెప్తాను, అలంపురం. "అది మాకు తెలుసండీ, జోగులాంబ దర్శనం చేసుకొచ్చాం" అనేవాళ్ళ కోసమే ముఖ్యంగా ఇదంతా రాస్తున్నాను.

మాది కర్నూలు. తుంగభద్ర దాటితే అలంపురమే కాబట్టి చిన్నప్పటి నుంచి పోతూనే ఉన్నాం. ఎప్పుడు వెళ్ళినా అక్కడ ఒకటే వరస. వ్యాన్లు వస్తాయి, అష్టాదశ శక్తిపీఠాల్లో ఐదోది కాబట్టి అమ్మవారి దర్శనం, బాలబ్రహ్మేశ్వరుడికి ఒక దణ్ణం, కొబ్బరికాయ, ప్రసాదం, ఆ తర్వాత మంత్రాలయానికో శ్రీశైలానికో టైమైపోతోందని డ్రైవర్ హారన్. దర్శనాన్ని తప్పుపట్టడం లేదు, మా ఇంట్లోనూ ముందు అదే. కానీ ఇప్పుడున్న అమ్మవారి గుడి 2005లో తిరిగి కట్టింది. దాని పక్కనే పదమూడు వందల ఏళ్ళ నాటి గుళ్ళు నిలబడి ఉంటే, వాటి మధ్యలోంచి తల కూడా ఎత్తకుండా పరుగున వెళ్ళిపోయేవాళ్ళను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

అవే నవబ్రహ్మ ఆలయాలు, బాదామి చాళుక్యులవి. పేర్లలో బ్రహ్మ ఉన్నా అన్నీ శివాలయాలే. చాలావాటికి మన వైపు గుళ్ళలా కాకుండా ఉత్తరాది పద్ధతిలో వంపు తిరుగుతూ పైకి లేచే శిఖరాలు, వాటి మీద ఉసిరికాయ ఆకారంలో పెద్ద ఆమలకం. తొమ్మిదీ చూసే ఓపిక లేకపోతే స్వర్గబ్రహ్మ ఒక్కదాని చుట్టూ నిదానంగా తిరగండి. వినయాదిత్యుడి కాలంలో, అంటే 681–696 మధ్య కట్టింది. మూలల్లో దిక్పాలకులు, గోడల మీద శివుడి రూపాలు. సాయంత్రం పూట ఎండ ఏటవాలుగా పడేటప్పుడు చూడాలి, మధ్యాహ్నం కనిపించని గీతలు కూడా అప్పుడు తేలతాయి.

ఇక మ్యూజియం గుళ్ళ పక్కనే ఉంది. చిన్నది. చాలామంది దాన్ని ఆఫీసనుకుని దాటిపోతారు. లోపల లజ్జాగౌరి శిల్పం ఉంది, ప్రసవానికి కూర్చున్నట్టు కాళ్ళు ఎడంగా పెట్టిన నగ్న దేవత, తల ఉండాల్సిన చోట విచ్చుకున్న తామర. ఆ శిల్పం ముందు కొందరు ముసిముసిగా నవ్వుకోవడం, కొందరు పిల్లల్ని చెయ్యిపట్టి పక్కకు లాగేయడం నేను కళ్ళారా చూశాను. సంతానం కోసం, పంట కోసం మన వాళ్ళు కొలుచుకున్న తల్లి ఆమె. పిల్లలు అడిగితే ఆ మాటే చెప్పండి, వాళ్ళకు చక్కగా అర్థమవుతుంది. నా అభిప్రాయం ఏమిటంటే, శిల్పాన్ని చూడాల్సింది ఇలాంటి చిన్న మ్యూజియంలోనే. నగరంలో పెద్ద మ్యూజియంకు వెళ్తే ఇరవయ్యో గదికి వచ్చేసరికి కాళ్ళు పీకుతుంటాయి, ఏది ఏ ఊరిదో గుర్తుండదు. ఇక్కడ లోపల ఒక నటరాజును చూసి బయటికొస్తే, అలాంటి పనితనమే ఎదురుగా గుడి గోడ మీద కనిపిస్తుంది.

అసలు నేను చెప్పాలనుకున్నది మాత్రం సంగమేశ్వరాలయం గురించి. ఇది నవబ్రహ్మల ప్రాంగణంలో ఉండదు, కొంచెం ఎడంగా ఉంటుంది. వేసవిలో శ్రీశైలం నీళ్ళలోంచి బయటపడుతుందని టీవీలో చూపించే సంగమేశ్వరం వేరు, అది నంద్యాల జిల్లాలోది. ఇది కూడవెల్లి గుడి. కృష్ణా తుంగభద్రలు కలిసే చోట ఉండేది. శ్రీశైలం ప్రాజెక్టు కింద మునిగిపోతుందని రాయి రాయి విప్పి తీసుకొచ్చి అలంపురంలో మళ్ళీ నిలబెట్టారు. ఎత్తైన పీఠం, చుట్టూ శిల్పాలు చెక్కిన రాతి ప్రహరీ. గుడికి ఉన్నంత పనితనం ప్రహరీ గోడకు కూడా ఉండటం నేనింకెక్కడా చూడలేదు.

మా పెద్దనాయనను ఒకసారి అక్కడికి తీసుకెళ్ళాను. ఆయన ఊరు కృష్ణ ఒడ్డున ఉండేది, ప్రాజెక్టులో మునిగిపోయింది. చిన్నప్పుడు శివరాత్రికి ఎద్దులబండిలో కూడవెల్లి పోయేవాళ్ళమని ఎన్నిసార్లు చెప్పేవాడో. గుడి చుట్టూ చెయ్యి రాతి మీద ఆనించి నడుస్తూ పోయాడు. ఒకచోట ఆగి, "తూర్పు ఎటురా?" అన్నాడు. చూపించాను. అటు తిరిగి చాలాసేపు నిలబడ్డాడు. అక్కడ ఇళ్ళూ కరెంటు తీగలూ తప్ప ఏమీ లేవు. "గుడి వచ్చింది గానీ ఏరు రాలేదు గదా" అన్నాడు. తర్వాత ప్రహరీ నీడన కూర్చుని వాళ్ళ ఊరి బావి ఎక్కడుండేది, జమ్మిచెట్టు ఎక్కడ, ఎవరి పొలం ఎవరి పొలం పక్కన, అన్నీ వరసగా చెప్పుకుంటూ పోయాడు. పునరావాసం కింద ఇచ్చిన స్థలం గురించి మాత్రం ఒక్క మాట కూడా అనలేదు. అంతలో రీల్స్ తీసుకునే కుర్రాడొకడు వచ్చి "తాతా, కొంచెం పక్కకు జరుగు, ఫ్రేమ్‌లో పడుతున్నావ్" అన్నాడు. ఆయన లేచి పక్కకు జరిగాడు. నాకు ఒళ్ళు మండిపోయింది, ఆయనే వారించాడు.

ఆ ప్రాజెక్టులో దాదాపు వంద ఊళ్ళు మునిగిపోయాయి. 1981లో జనాన్ని బలవంతంగా ఖాళీ చేయించారు. గుళ్ళకు ఇంజినీర్లూ క్రేన్లూ లారీలూ దొరికాయి, మంచిదే, దొరక్కపోతే ఈ శిల్పాలు మనకు మిగిలేవి కావు. కానీ గుడిని అంత జాగ్రత్తగా మోసుకొచ్చినవాళ్ళు దాని ముందు ఆ ఊళ్ళ పేర్లన్నీ రాసి ఒక్క రాతి పలక పెట్టి ఉండాల్సింది. ఇప్పుడైనా పెట్టొచ్చు. ఏ శతాబ్దం, ఏ వంశం, ఏ శైలి అన్నది బోర్డు మీద రాస్తే సరిపోదు, ఆ గుడికి దణ్ణం పెట్టిన ఊళ్ళు ఏమయ్యాయో కూడా చూడ్డానికొచ్చినవాడికి తెలియాలి.

వెళ్ళడం తేలికే. బెంగళూరు హైవేలో కర్నూలుకు కాస్త ముందు అలంపూర్ చౌరస్తా వస్తుంది, అక్కడ ఎడమకు తిరగాలి. కారు లేకపోతే కర్నూలు బస్సెక్కి చౌరస్తాలో దిగితే ఆటోలు ఉంటాయి. పొద్దున్నే బయల్దేరి ముందు మ్యూజియం చూసుకోండి, దర్శనం క్యూలో పడితే మ్యూజియం మూసేసే టైమైపోతుంది. తర్వాత అమ్మవారు, నవబ్రహ్మలు, ఎండ తగ్గాక సంగమేశ్వరాలయం. ఓపిక ఉంటే పాపనాశి గుళ్ళు కూడా చూడండి, అవీ ముంపు నుంచి తరలించినవే, అక్కడ మీకు మనుషులే కనిపించకపోవచ్చు. ఏప్రిల్, మేలలో మాత్రం పెట్టుకోవద్దు, ఆ రాతి నేల మీద చెప్పుల్లేకుండా అడుగు వేయలేరు. ఇది నచ్చితే ఇంకో ఆదివారం కొల్లాపూర్ దగ్గర సోమశిల పెట్టుకోండి, అక్కడి గుళ్ళదీ ఇదే కథ, పైగా అక్కడ ఎదురుగా కృష్ణ ఉంటుంది.