రాష్ట్ర గ్రంథంగా బైబిలు: టెనెసీలో చిక్కు ఎక్కడ వచ్చింది?

ప్రశ్న: అమెరికాలోని టెనెసీ శాసనసభ బైబిలును రాష్ట్ర అధికారిక గ్రంథం చేయబోతే గవర్నరే అడ్డుపడ్డారట. అక్కడ క్రైస్తవులే ఎక్కువ కదా, ఎందుకలా?

జవాబు: గవర్నర్ బిల్ హాస్లమ్ 2016 ఏప్రిల్ 14న ఆ బిల్లును వీటో చేశారు. ఇది రాజ్యాంగానికి విరుద్ధమని రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన న్యాయాధికారి అయిన అటార్నీ జనరల్ 2015లోనే లిఖితపూర్వకంగా చెప్పారు. ప్రభుత్వం ఏ మతాన్నీ అధికారికం చేయకూడదనే ఫెడరల్ (అంటే దేశ) రాజ్యాంగం మొదటి సవరణ ఎలాగూ ఉంది. టెనెసీ రాజ్యాంగం మరింత సూటిగా ఉంటుంది: చట్టం ద్వారా ఏ మత సంస్థకూ, ఏ ఆరాధనా పద్ధతికీ ప్రాధాన్యం ఇవ్వకూడదని మొదటి అధికరణం 3వ సెక్షన్ అంటుంది.

హాస్లమ్ చెప్పిన రెండో కారణం, బిల్లు పవిత్ర గ్రంథాన్ని పలచన చేస్తుందన్నది. అసలు ముడి ఇక్కడే ఉంది. బిల్లు కోర్టులో నిలబడాలంటే బైబిలును మత గ్రంథంగా కాక చరిత్రగా చూపించాలి. అందుకే బిల్లు పెట్టినవారు, ప్రభుత్వ రికార్డులు లేని కాలంలో కుటుంబాలు జనన మరణాలను ఇంటి బైబిల్లోనే రాసుకున్నాయనీ, రాష్ట్ర రాజధాని నాష్‌విల్‌లో బైబిలు ప్రచురణ పెద్ద వ్యాపారమనీ వాదించారు. ఈ వాదన ఎంత గట్టిపడితే విశ్వాసికి అంత ఇబ్బంది. రాష్ట్ర చిహ్నాల వరసలో రాకూన్ అనే అడవి జంతువు, టమాటా ఉన్నాయి. 2016లోనే .50 క్యాలిబర్ రైఫిల్ కూడా చేరింది. వాటి సరసన బైబిలును కూర్చోబెట్టడమేమిటని భక్తులే అడిగారు. మతమంటే కోర్టు ఒప్పుకోదు, మతం కాదంటే చర్చి ఒప్పుకోదు.

ప్రశ్న: వీటోను తిప్పికొట్టడానికి మూడింట రెండొంతుల మెజారిటీ దొరకలేదా?

జవాబు: టెనెసీలో అంత అక్కర్లేదు. ఒక్కో సభలో మొత్తం సభ్యుల్లో సగానికి పైగా ఓటేస్తే చాలు. అంటే ప్రతినిధుల సభలో 99కి 50, సెనేట్‌లో 33కి 17. బిల్లు నెగ్గడానికీ అంతే కావాలి. కాగితం మీద చూస్తే నెగ్గించిన సభ వీటోనూ దాటేయగలదు. 2015లో ప్రతినిధుల సభలో 55 మంది బిల్లుకు అనుకూలంగా ఓటేశారు. సెనేట్ దాన్ని కమిటీకి పంపి, మరుసటి ఏడాది 19-8తో ఆమోదించింది. తీరా వీటోపై ఓటింగ్ నాటికి ప్రతినిధుల సభలో అనుకూలంగా 43 ఓట్లే పడ్డాయి, వ్యతిరేకంగా 50. గవర్నర్ ఎలాగూ ఆపుతారన్న ధీమాతో వేసిన ఓట్లు కొన్ని ఉండవచ్చని మా అనుమానం.

ప్రశ్న: బైబిలు అంటే ఏ బైబిలు?

జవాబు: మంచి ప్రశ్న. ప్రొటెస్టెంట్ల బైబిల్లో 66 పుస్తకాలు, క్యాథలిక్కుల బైబిల్లో 73. ఒక అనువాదాన్ని పేర్కొంటే ప్రభుత్వం ఒక శాఖ పక్షాన నిలబడినట్టవుతుంది, పేర్కొనకపోతే చట్టం దేని గురించో తేలదు. 2014లో మరో రాష్ట్రం లూసియానాలో మ్యూజియంలో ఉన్న ఒక పాత ప్రతితో బిల్లు మొదలైంది. కమిటీ దాన్ని అన్ని బైబిళ్లకూ వర్తించేలా మార్చింది. చివరికి రచ్చ ఎక్కువై, పెట్టిన సభ్యుడే వెనక్కి తీసుకున్నారు.

ప్రశ్న: మరి 2024లో టెనెసీ చట్టం చేసిందంటున్నారు?

జవాబు: చేసింది, కానీ దారి మార్చింది. పది పుస్తకాలను అధికారిక పుస్తకాలుగా ప్రకటించింది. వాటిలో జార్జ్ వాషింగ్టన్ వీడ్కోలు ప్రసంగం, గాయని డాలీ పార్టన్ పిల్లల పుస్తకంతో పాటు ఎయిట్‌కెన్ బైబిలు ఒకటి. రాబర్ట్ ఎయిట్‌కెన్ 1782లో ఫిలడెల్ఫియాలో ముద్రించిన ఈ ప్రతిని అప్పటి కాంగ్రెస్ (అమెరికా జాతీయ చట్టసభ) సిఫారసు చేసింది. అంటే గుర్తింపు గ్రంథానికి కాదు, ఒక ముద్రణకని చెప్పుకునే వీలుంది. పది పుస్తకాల మధ్య ఉంది కనుక ప్రత్యేక ప్రాధాన్యమన్న ఆక్షేపణకూ పదును తగ్గుతుంది. తెలివైన పనే. కాకపోతే, 1796లో పుట్టిన రాష్ట్రానికి అంతకు 14 ఏళ్ల ముందు వేరేచోట అచ్చయిన పుస్తకంతో చుట్టరికం కలపడం కాస్త అతుకులబొంతే.

ప్రశ్న: దీంతో బడుల్లో బైబిలు చదివించవచ్చా?

జవాబు: లేదు. రాష్ట్ర చిహ్నం ఎవరికీ హక్కు ఇవ్వదు, ఎవరిమీదా బాధ్యత పెట్టదు. ప్రభుత్వ బడిలో భక్తి పఠనం చెల్లదని 1963లోనే సుప్రీంకోర్టు తేల్చింది. సాహిత్యంగా, చరిత్రగా బోధించడం మాత్రం తప్పు కాదని అదే తీర్పు చెప్పింది. అలా ఎవరినీ ఏమీ చేయమనని చట్టం మీద కేసు వేయడమూ కష్టమే. నాకు నచ్చలేదంటే సరిపోదు, నాకు ఫలానా హాని జరిగిందని చూపితేనే ఫెడరల్ కోర్టు వింటుంది. తరగతి గదిలో బైబిల్లోని పది ఆజ్ఞల పటం తగిలించమనే చట్టాల సంగతి వేరు. అక్కడ పిల్లవాడు రోజూ ఆ గోడకెదురుగా కూర్చోవాలి. కెంటకీ రాష్ట్రం చేసిన అలాంటి చట్టాన్ని సుప్రీంకోర్టు 1980లో 5-4తో కొట్టేసింది.